గోడకు నోరిచ్చిన మీటరక్క

“గోడకి సూదులు గుచ్చి ఏం చేస్తావే, రక్తం తీస్తావా?”

మీటరక్కను ఈ ప్రశ్న అడిగింది ఆవిడ బావ. అడిగిన చోటు ఆయన పరికరాల కొట్టు వెనకగది. ఆ గదిలో నేల నుంచి కిటికీ అంచు దాకా అట్టపెట్టెలు, వాటి నిండా ఆరువందల చెమ్మ మీటర్లు. చెమ్మ మీటరంటే అరచేతిలో ఇమిడే చిన్న డబ్బా. తలమీద రెండు ఉక్కు సూదులు, పొట్టమీద అంకె కనిపించే అద్దం. సూదుల్ని చెక్కలోకి గుచ్చితే లోపల తడి ఎంతుందో చెబుతుంది, హద్దు దాటితే కీచుమని అరుస్తుంది. వడ్రంగులకి, కోతమిల్లులవాళ్ళకి, తలుపులు చేసే కార్ఖానాలకి తప్ప అలాంటిదొకటి ఉందని లోకంలో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా లోకం బాగానే నడిచింది.

ఒక ఫర్నిచర్ కార్ఖానా మేనేజరు నోటిమాట మీద బావ ఆ సరుకంతా తెప్పించాడు. సరుకు దిగేలోపు కార్ఖానా కొత్త యంత్రాలు పెట్టుకుంది. తడి సంగతి అవే చూసుకుంటాయి. మేనేజరు ఫోనెత్తడం మానేశాడు. నోటిమాటకి విలువుండే రోజులు పోయాయని బావ కనిపించిన వాళ్ళందరి దగ్గరా వాపోయాడు. అలాంటి రోజులు ఎప్పుడూ లేవు. మనుషులు రాతకోతలు కనిపెట్టింది అందుకే.

బావకి ఒక దారి మాత్రం కనిపించింది. పక్కనే చెప్పుల దుకాణం. మధ్యగోడ పడగొట్టి షాపు పెద్దది చేసుకోవాలని దాని యజమాని ఎప్పట్నుంచో కాచుక్కూర్చున్నాడు. వానలు వెళ్ళేలోపు అవునో కాదో తేల్చమన్నాడు. మీటర్లను తూకానికి అమ్మేసి, కొట్టు చెప్పులాయనకిచ్చేసి, ఆ డబ్బుతో ఫ్లాటు కొనుక్కుని కాలుమీద కాలేసుకు కూర్చోవాలని బావ ఆలోచన.

ఆ ఆలోచనలో మరదలు ఎక్కడా లేదు. ఆ కౌంటరు వెనక ఇరవై ఏళ్ళకు పైగా నిలబడింది ఆవిడే. “ఖాళీగానే ఉన్నావు కదా, రెండు నెలలు వచ్చి కూర్చో” అని అప్పట్లో పిలిచారు. ఆ రెండు నెలలు ఇంకా పూర్తికాలేదు. జీతం ఇచ్చారు, తీసుకుంది. వాటా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక కుటుంబం అన్నాక లెక్కలేమిటి అనేమాట ఎప్పుడూ లెక్కలు తమ చేతిలో ఉన్నవాళ్ళే అంటారు.

కొట్టు అమ్మేస్తున్నారని విన్న రోజున ఆవిడ ఏడవలేదు, వెనకగదిలోకి వెళ్ళి ఒక పెట్టె చింపి మీటరు చేతిలోకి తీసుకుంది.

“బావా, ఈ ఆరువందలూ నేనమ్మిపెడతా. వానలు వెళ్ళేలోపు.”

“ఎవరికి? ఊళ్ళో వడ్రంగులందరికీ తలా ఐదు అంటగడతావా?”

“వడ్రంగులకి కాదు. ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి.”

ఆయన సూదులు, రక్తం ప్రశ్న వేసింది అప్పుడే. ఆవిడ జవాబుకి బదులు బేరం పెట్టింది.

“అన్నీ అమ్మితే కొట్టులో సగం నా పేర రాయాలి.”

“అమ్మకపోతే?”

“చెప్పులషాపులో ఉద్యోగంలో చేరతా. నీ పాదం కొలత నేనే తీస్తా.”

అన్నం క్యారియరు తెచ్చి గుమ్మంలో నిలబడ్డ అక్క ఇదంతా విన్నది. “ఒప్పేసుకోండి. అది ఓడిపోతే నాకు చెప్పులు చౌకగా వస్తాయి” అంది భర్తతో. బావ నవ్వేసి సరేనన్నాడు. నవ్వుతూ ఇచ్చిన మాటలే తర్వాత ఏడిపిస్తాయి.

కష్టే ఫలి అంటారు. మొదటి నెల ఆవిడ మహా కష్టపడింది. ఫలితం ఇంచుమించు సున్న. ఒక పెద్ద హార్డ్‌వేర్ దుకాణం వాళ్ళను బతిమాలి, సెలవురోజుల్లో పెయింటు డబ్బాల వరస పక్కన బల్ల వేసుకుంది. బల్లమీద మీటర్లు, ఒక తడి చెక్క, ఒక పొడి చెక్క. జనం ఆగారు, చూశారు, నవ్వారు, వెళ్ళారు. పెట్టె మీద మీసాల వడ్రంగి బొమ్మ ఉంది. “మావారు వడ్రంగి కాదండీ” అని ఒకావిడ జాలిగా చెప్పింది. సూదులు చూసి, షుగరు పరీక్ష ఉచితమేమో అనుకుని ఒక పెద్దాయన వేలు చాపాడు.

కానీ ఆవిడను అసలు ముంచింది పెట్టె మీది బొమ్మ కాదు, ఆవిడ నేర్చిన విద్య. పరికరాల వ్యాపారంలో ఒక ఆచారం ఉంది: గుణం చెప్పేముందు దోషం చెప్పాలి. ఈ మీటరు ఎంత మేరకు పొరబడుతుందో ముందు చెప్పి, తర్వాతే ధర చెప్పాలి. కోతమిల్లు యజమాని ఆ మాట కోసమే ఎదురుచూస్తాడు. చెప్పనివాణ్ణి దొంగకింద జమకడతాడు. ఇరవై ఏళ్ళుగా నాలుక చివర ఉన్న వాక్యం కదా, పెయింటు కొనడానికొచ్చిన ఒక జంట ముందు కూడా ఆవిడ అదే అప్పజెప్పింది.

“ఇది రెండు శాతం అటూ ఇటూ చూపిస్తుందండీ.”

“అంటే తప్పు చూపిస్తుందా?” అన్నాడు భర్త.

“తప్పు కాదండీ. ఎంత తప్పో మాకు కచ్చితంగా తెలుసు.”

“తెలిసీ అమ్ముతున్నారా?”

“పదండి, వీళ్ళతో మనకెందుకు” అని భార్య ఆయన చెయ్యి పట్టుకుని బ్రష్‌ల వైపు లాక్కుపోయింది.

నెలాఖరుకి అమ్ముడైనవి రెండు. రెండూ వడ్రంగులే కొన్నారు. పెయింటు వరస పక్కనుంచి పోతూ, చౌకగా ఉందని.

అదే సమయంలో ఆవిడ తనకో అద్దె ఇల్లు వెతుక్కుంటోంది. ఉన్న ఇంటి ఓనరు కొడుక్కి పెళ్ళి కుదిరింది, ఖాళీ చెయ్యమన్నాడు. ఇళ్ళు చూపించే బ్రోకరు ఒకడు దొరికాడు. ఇంట్లో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యడు. ఒక సాయంత్రం మూడో అంతస్తులో ఒక ఇంటికి తీసుకెళ్ళాడు. తలుపు తియ్యగానే కొత్త పెయింటు వాసన గుప్పుమంది. స్నానం ఎగ్గొట్టి సెంటు కొట్టుకున్న మనిషిలా ఉంది ఆ ఇల్లు.

ఆవిడ మీటరు అమ్మకం గురించి ఆలోచించే స్థితిలో లేదు. చిరాగ్గా ఉంది. చేతిసంచిలో తాళాల కోసం వెతుకుతుంటే శాంపిలు మీటరు తగిలింది. తీసి, పడగ్గది గోడకి కింది మూల కసిగా గుచ్చింది. కీచుమని అరిచింది. వంటింటి వైపు గోడకి గుచ్చింది. మౌనం.

“అమ్మా, అమ్మా! అదేంటి గోడకి గుచ్చుతున్నారు? ఓనరుగారు చూస్తే నన్ను గుచ్చుతారు!” అని పరిగెత్తుకొచ్చాడు బ్రోకరు.

అదే ఇల్లు చూడ్డానికి ఇంకో ఆవిడ వచ్చి హాల్లో నిలబడి ఉంది. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ బట్టలు కూడా మార్చుకోలేదు. పక్కన ఏడెనిమిదేళ్ళ కూతురు, కూతురి చేతిలో ఉబ్బసానికి పీల్చే మందు.

“ఎందుకరిచిందండీ అది?” అంది నర్సు.

“లోపల చెమ్మ ఉందండీ. అయితే ఇది చెక్క కోసం చేసింది. గోడమీద అంకె కచ్చితంగా ఉండదు, ఎందుకంటే…” అని మన ఆవిడ మళ్ళీ పాత పాఠం మొదలెట్టింది.

“అంకెవరిక్కావాలి? ఆ గోడకి అరిచింది, ఈ గోడకి అరవలేదు. అంతేగా?”

“అంతే.”

“నాడి చూసినప్పుడు నేనూ అంతేనండీ. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా లేదా అనే చూస్తా. పోయినింట్లో గోడ చెమ్మకి ఈ పిల్ల రెండుసార్లు ఆసుపత్రి పాలైంది. చెమ్మ ఉంది మొర్రో అంటే, అదంతా మీ అనుమానం అన్నాడు ఓనరు. ఇదెక్కడ దొరుకుతుంది?”

“నా సంచిలో.”

“సూదులు గుచ్చడం నాకు కొత్త కాదులెండి. ఇలా ఇవ్వండి.”

మెట్లమీదే బేరం తెగింది. ఇద్దరాడవాళ్ళూ కలిసి కిందికి దిగిపోయారు. పైన బ్రోకరు కళ్ళద్దాలు సర్దుకుంటూ, ఒకేసారి రెండు కమీషన్లు ఎలా పోయాయో తెలియక నిలబడిపోయాడు.

మార్కెటింగు మీద లావుపాటి పుస్తకాలున్నాయి. కొత్త వస్తువును జనానికి అలవాటు చెయ్యాలని, వాళ్ళకి దాని గురించి నేర్పాలని వాటిలో ఉంటుంది. జనం నేర్చుకోవడానికి బజారుకి రారు. ఇల్లు చూడ్డానికెళ్ళిన మనిషికి గోడలో చెమ్మ ఉందని ముక్కు ముందే చెప్పేస్తుంది. ఆ ముక్కు మాట ఎవరూ ఖాతరు చెయ్యరు. ఆ మనిషికి కావలసింది కొలత కాదు, తన తరఫున గట్టిగా అరిచే ఒక సాక్షి. మీటరక్కకి ఇది ఆ మెట్ల మీద, మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య అర్థమైంది.

మర్నాడు పెట్టెల మీద మీసాల వడ్రంగి మాయమయ్యాడు. అతని మొహం మీద తెల్లకాగితం అంటించి, పైన ఇలా అచ్చువేయించింది: ‘గోడకి చెవులుంటాయంటారు. ఇప్పుడు నోరొచ్చింది.’ కింద ఇంకో వరస: ‘అంకెను నమ్మకండి, తేడాను నమ్మండి.’

రెండో వరస చదివి బావ కుర్చీలోంచి లేచాడు.

“అంకెని నమ్మొద్దని పరికరాల కొట్టువాళ్ళమే రాస్తామా? వంటవాడే తినొద్దని బోర్డు పెట్టినట్టుంది!”

“చెక్కమీద నమ్మమను. గోడమీద నమ్మమంటే అబద్ధం. గుణం చెప్పేముందు దోషం చెప్పాలని నేర్పింది నువ్వు కాదా? చెప్పాను. వాళ్ళకర్థమయ్యే మాటలో చెప్పాను.”

బావ మళ్ళీ కూర్చున్నాడు. ఆయనకి కోపం పోలేదుగానీ, తన పాఠమే తిరిగొచ్చి తగిలితే దెబ్బ ఎక్కడ తగిలిందని చెప్పుకుంటాడు?

ఇంక మిగిలింది ఎక్కడ అమ్మాలన్నది. హార్డ్‌వేర్ దుకాణంలో బల్ల ఎత్తేసింది. అద్దె కాగితాలు టైపు చేసే ఒక జిరాక్సు షాపు ఉంది. సంతకం పెట్టే ముందు ఓనర్లు, అద్దెకొచ్చేవాళ్ళు అక్కడే బెంచీమీద పక్కపక్కనే కూర్చుని ఒకర్నొకరు అనుమానంగా చూసుకుంటుంటారు. సరిగ్గా ఆ బెంచీకి ఎదురుగా మీటర్లు వేలాడదీసింది. పీసుకింత అని జిరాక్సాయనకి కమీషను. మీటరక్క అనే పేరు పెట్టింది ఆయనే. “సంతకానికి ముందు ఒక్కసారి గుచ్చి చూసుకోండి, మీటరక్క మాట” అని కాగితం చేతికిస్తూ అనేవాడు. నర్సు పుణ్యమా అని ఆసుపత్రి స్టాఫంతా కొన్నారు. వాళ్ళలో సొంతిల్లున్నవాళ్ళు ఎవరు గనక! ‘గోడ నాడి చూశారా?’ అన్నమాట వాళ్ళ నోటినుంచే బయటికొచ్చింది.

వానలు మొదలయ్యేసరికి సగం సరుకు కదిలింది. ఆ తర్వాత బండి ఆగిపోయింది.

కారణం బావ ముందే చెప్పాడు. “ఇల్లు రోజూ మారరు కదే. ఒకళ్ళు కొంటే వీధంతా అరువు తెచ్చుకుంటారు.” నిజమే. ఒక నర్సుల హాస్టలంతా ఒకే మీటరుతో కానిచ్చేసింది. ఆవిడ ఏ వీధిలో అడిగినా “మా వదిన దగ్గరుందండీ, తెచ్చుకుంటాం” అనేవాళ్ళే. వస్తువుకి పేరొచ్చింది, డబ్బు రాలేదు. వెనకగదిలో మూడువందల పెట్టెలు అలాగే ఉన్నాయి. ఒకరోజు చెప్పులాయన టేపు పట్టుకొచ్చి మధ్యగోడ కొలుచుకున్నాడు. గోడ దగ్గర చెవి పెట్టి తట్టి కూడా చూశాడు. “ఆ టేపైనా మన కొట్లో కొన్నది కాదు” అని బావకి అదొక బాధ. మీటరక్క కౌంటరు చెక్కను అరచేత్తో ఒకసారి నిమిరి, గుడ్డతో తుడిచింది. మామూలుగా అయితే ఆవిడ నోరు ఆ పాటికి చెప్పులాయనకి చెమటలు పట్టించి ఉండేది.

ఆ వారంలోనే నల్లకళ్ళద్దాల బ్రోకరు కొట్టుమీదికి దండెత్తి వచ్చాడు. వెంట ఇంకో ఇద్దరు బ్రోకర్లు.

“ఎవరండీ ఇక్కడ మీటరక్క?”

“నేనే. గొడుగు బయట పెట్టి రండి, నేల తడిసిపోతోంది.”

“ఆ రోజు మూడో అంతస్తులో గోడకి గుచ్చినావిడ మీరేనా! తడి, తడి! మీ నోటెంట ఇంకో మాట రాదా? నా పొట్టమీద కొట్టారు మీరు. ఇల్లు చూపిద్దామంటే ప్రతివాళ్ళూ సూదులు పట్టుకొస్తున్నారు. ముందు గోడకి గుచ్చుతున్నారు, తర్వాతే నాకు నమస్కారం పెడుతున్నారు. గోడలు జల్లెళ్ళయిపోతున్నాయి. ఓనర్లు నన్ను తిడుతున్నారు.”

ఆవిడ కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

“మీ చేతిలో ఉన్న ఇళ్ళన్నీ తడివేనా?” అంది.

“అన్నీ ఎందుకు తడివవుతాయి? సగానికి పైగా ఎండుటాకుల్లా ఉంటాయి!”

“మరి ఆ పొడి ఇళ్ళని తడి ఇళ్ళ అద్దెకే ఎందుకిప్పిస్తున్నారు?”

అతని వెనకున్న ఇద్దరు బ్రోకర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“వాళ్ళు గుచ్చేదాకా ఆగడమెందుకు? తలుపు తియ్యగానే మీరే గుచ్చండి. అరవకపోతే అద్దె పెంచి చెప్పండి. అరిస్తే, ముందు బాగుచేయించమని ఓనరుకి చెప్పండి. ఇప్పటిదాకా మీరు మంచి ఇల్లని చెబితే ఎవరు నమ్మారు? మీ కళ్ళే ఎవరూ చూళ్ళేదు.”

అతను కళ్ళద్దాలు తీశాడు. చిన్న కళ్ళు, మర్యాదగల కళ్ళు.

“ఎన్నున్నాయి మీ దగ్గర?”

“బోలెడున్నాయి.”

“టోకున రేటు తగ్గిస్తారా?”

“ఇల్లు కుదిర్చితే మీ కమీషనెంత?”

“ఒక నెల అద్దె.”

“మీటరు అందులో పదోవంతు లేదు. తగ్గిస్తే మీకే నామోషీ.”

“అబ్బ, ఏం నోరండీ మీది! గోడలకి ఇక్కణ్ణుంచే వచ్చినట్టుంది” అన్నాడు వెనకున్నవాళ్ళలో ఒకడు. ముగ్గురూ తమకు, తమ కింద తిరిగేవాళ్ళకు కలిపి ఒక అట్టపెట్టె మొత్తం మోసుకుపోయారు.

అక్కణ్ణుంచి కథ ఆవిడ చెయ్యిదాటి పరిగెత్తింది. బ్రోకరు గుచ్చుతున్నాడని ఓనర్లు కొన్నారు, అతనికంటే ముందే చూసుకోవడానికి. ఓనర్లు కొన్నారని పెయింటర్లు కొన్నారు, చెమ్మ ఉన్నచోట రంగు వేసి తర్వాత మాట పడకుండా. అద్దె ప్రకటనల్లో ‘నాడి చూసిన ఇల్లు’ అని రాయడం మొదలైంది. అరువు తెచ్చుకున్నవాళ్ళు కూడా తిరిగొచ్చి కొన్నారు. బ్రోకరు మీటరును ఎలా నమ్మడం, మనదంటూ ఒకటి ఉండాలి కదా! మొదటి నెలలో వేలు చాపిన పెద్దాయన కూడా వచ్చాడు. ఈసారి వేలు జేబులో పెట్టుకున్నాడు. చివరి అట్టపెట్టెలో రెండింటిని చెప్పులాయనే కొన్నాడు. తోలు చెప్పులకి బూజు పడుతోందట. మధ్యగోడకి గుచ్చి చూస్తే అతనివైపే అరిచింది.

వానలు పూర్తిగా ఆగకముందే వెనకగది ఖాళీ అయింది. ఖాళీ గదిలో మీటరక్క గట్టిగా ఒక కేక వేసింది. ఎవరినీ పిలవలేదు. గది ఎంత బాగా మోగుతుందో చూద్దామని, అంతే. అక్క బయటనుంచి “గెలిచినట్టుంది” అంది.

సంతకం రోజున బావ చివరి ప్రయత్నం ఒకటి చేశాడు. “సగమంటే సగమేనా? నలభై అనుకుందాం. మన మధ్య ఎప్పుడో నవ్వుతూ అనుకున్న మాటలకి…”

అక్క అడ్డు తగిలింది. “నోటిమాటకి విలువుండే రోజులు పోయాయని ఊరంతా తిరిగి ఏడ్చారుగా. ఇప్పుడు మాట తప్పుతున్న నోరెవరిది?”

బావ కలం అడిగాడు. సగమని అంకెల్లో, అక్షరాల్లో రాశాడు. ఈసారి అటూ ఇటూ ఏమీ లేదు. చెప్పులాయనకి కాదని కబురు వెళ్ళింది. కొట్టు బోర్డు మీద రెండో పేరు చేరింది. అదీ ఆవిడ డబ్బుతోనే రాయించింది, అక్షరాలు మొదటి పేరుకంటే ఒక వేలెడు పెద్దవి.

తర్వాత ఒక మహిళా సంఘం వాళ్ళు వచ్చారు. పట్టుదలకి ప్రతిరూపమని సన్మానం చేస్తామన్నారు. పట్టుదలతో మొదటి నెలంతా ఏం అమ్మిందో ఆవిడకి గుర్తుంది. “మీ సంఘంలో ఎంతమంది? కొత్త సరుకొస్తోంది. గోడలో కరెంటు వైరు ఎక్కడుందో చెప్పేది. మేకు కొట్టేముందు చూసుకోవచ్చు. తలా ఒకటి తీసుకోండి, అదే నాకు సన్మానం” అంది. తీసుకున్నారు.

బావ మాత్రం ఫ్లాటు మాట మర్చిపోలేదు. కొట్టు బాగా నడవసాగాక, అప్పు దొరకడం సులువైంది. ఒక ఆదివారం అక్కను తీసుకుని ఫ్లాటు చూడ్డానికి బయల్దేరి, దారిలో కొట్టు దగ్గర ఆగాడు.

“ఒక మీటరివ్వు.”

“మళ్ళీ తెప్పించిన సరుకూ అయిపోయింది. కొత్తది ఇంకా దిగలేదు. కౌంటరు మీద చూపించడానికి పెట్టుకున్న ఇదొక్కటే ఉంది.”

“అదే ఇవ్వు.”

“డబ్బివ్వు.”

“ఓసి, నేను పార్టనర్ని! నాకే అమ్ముతావా?”

“ఒక కుటుంబం అన్నాక లెక్కలుండాలి బావా.”

కారులోంచి అక్క నవ్వింది. బావ జేబులు తడుముకుని, పర్సు ఇంట్లో మర్చిపోయానని, రేపిస్తానని చెప్పి మీటరు తీసుకెళ్ళాడు. ఆ ఫ్లాటులో హాలు గోడ అరిచింది. ఇంకో ఫ్లాటు చూశారు, అది అరవలేదు. అదే కొన్నారు, పొడిగా, సుఖంగా ఉన్నారు. వచ్చినవాళ్ళందరికీ బావ గోడకి గుచ్చి చూపిస్తాడు. మరదలు అమ్మిన ఆరువందల కథ తనే అమ్మినంత గొప్పగా చెబుతాడు. ముందు మీటరు దోషం చెబుతాడు, తర్వాతే గుణం.

ఆ మీటరు డబ్బు మాత్రం ఆయన ఇంకా ఇవ్వలేదు.